రుచి చూడడం తినడం కిందకి రాదు

అనకాపల్లి బెల్లం బజారులో పుట్టి పెరిగినవాడికి ఎవరు ఏ అంకె చెప్పినా కొంత తగ్గించాలనిపిస్తుంది. విశాఖపట్నంలో నాకు గుండెకు బైపాస్ చేసిన డాక్టరు గారు ఇంటికి పంపే రోజున, "మూడు నెలలు బరువులు ఎత్తకూడదు" అన్నారు. రొమ్ము ఎముకను నిలువునా కోసి తీగతో బిగించారట, అది అతుక్కోవాలట.

"రెండు నెలలకి ఖాయం చెయ్యండి డాక్టరు గారూ. మళ్లీ మీ దగ్గరికే వస్తాను" అన్నాను.

"మళ్లీ రాకూడదనేనండీ ఈ చెప్పడమంతా" అన్నారాయన.

ఇంకా చాలా చెప్పారు. దగ్గు వస్తే దిండును గుండెకు హత్తుకుని దగ్గాలి. గుండెకు అతకడానికి నరం తీసిన కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి గాలి పీల్చి, బంతుల్ని పైకి లేపాలి. అన్నిటికంటే ముఖ్యం షుగరు. అది అదుపు తప్పితే గాయం మానదు, చీము ఎముక దాకా పోతే మళ్లీ విప్పాలి. ఆ విప్పాలి అన్న మాట ఆయన గోనెసంచి గురించి అన్నంత తేలిగ్గా అన్నారు.

ఇంటికొచ్చాక బంతులతోనూ బేరమే. మూడింటిలో రెండు లేస్తే చాలదా అని నా వాదన. మా ఆవిడ వినేది కాదు. షుగరు విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపడానికి లేదు. చప్పటి టీ తాగాను. పక్కింటివాళ్లు పెళ్లి లడ్డూ పంపిస్తే కళ్లు మూసుకుని వెనక్కి పంపాను. నా నిగ్రహానికి నేనే ముచ్చటపడ్డాను.

సెల్‌ఫోన్లు అప్పుడే మా బజారులోకి దిగుతున్నాయి. నేను లేచి తిరిగేదాకా మా బెల్లం కొట్టు చూస్తున్న నా బావమరిది కొత్తది కొని నడుముకు తగిలించుకున్నాడు గానీ, కొట్టు నడపడానికి ధైర్యం దాంట్లో రాలేదు. రోజూ పొద్దున్నే కాగితం పొట్లాల్లో బెల్లం ముక్కలు పట్టుకుని మా ఇంటికొచ్చేవాడు.

"బావా, ఇది కోటపాడు సరుకు. ఇది రాంబిల్లి వైపుది. నువ్వు నాలిక మీద ఎడితే గానీ నాను కొన్లేను. ఏటంటావు?"

సముద్రం దగ్గరి చేలల్లో పండిన చెరకయితే బెల్లానికి ఒక్కోసారి ఉప్పదనం వస్తుంది. అది కంటికి కనబడదు. అందుకే మా బజారులో గిల్లి నోట్లో వేసుకోకుండా ఎవడూ సరుకు కొనడు. ఏకాదశి ఉపవాసం ఉండి కూడా మా నాన్న కొట్లో రుచులు చూసేవాడు. ఉపవాసం చెడిందని ఆయన ఒక్కనాడూ అనుకోలేదు. రుచి చూడడం మా వృత్తి. తినడం వేరే సంగతి.

మూడో వారంలో ఒక ఉదయం మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటండీ, బనీను తడిసిందేటి?"

"చెమట."

"చెమట కుట్టు మీదే పడతాదేటి? లేవండి, ఆస్పత్రికి ఎల్దాం."

డాక్టరు గారు గాయం చుట్టూ నొక్కి చూశారు. రక్తం తీయించారు. షుగరు చూసి కళ్లద్దాలు తీసేశారు.

"స్వీట్లు తింటున్నారా?"

"దేవుడి మీద ఒట్టండి. లడ్డూ కూడా వెనక్కి పంపాను."

మా ఆవిడ కూడా సాక్ష్యం చెప్పింది. ఆయన మందు మార్చడానికి కలం తీశారు. అప్పుడు ఆవిడకు ఏదో తట్టింది.

"బాబూ, పొద్దున్నే మా తమ్ముడు తెచ్చే బెల్లం కూడా లెక్కకొత్తాదేటి?"

కలం ఆగింది. "ఏం బెల్లం?"

"అది రుచి చూడడమండి, తినడం కాదు" అన్నాను.

"ఎన్ని ముక్కలు?"

"ఎన్ని రకాలు వస్తే అన్ని."

"ఉమ్మేస్తారా?"

"ఎంత మాటండీ! లక్ష్మీదేవిని ఉమ్ముతామా?"

ఆయన నన్ను చూశారు. తలకి చెయ్యాల్సిన ఆపరేషన్ పొరపాటున గుండెకి చేశానా అన్నట్టుంది ఆ చూపు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "పది రోజులు చూస్తాను. అప్పటికీ ఆరకపోతే మళ్లీ విప్పడమే."

పదిహేను అడుగుదామని నోరు తెరిచాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. నరం తీయని కాలే తొక్కింది, అంత జాగ్రత్త గల మనిషి. "ఊరుకోండి. ఇది మన కొట్టు కాదు."

మర్నాడు బావమరిది పొట్లం విప్పేసరికి ఆవిడ మధ్యలో కూర్చుంది. "ఒరే, నీ నోరేటయింది? నువ్వే ఏసుకో."

"నాకు తెలీదప్పా!"

"నేర్చుకో. మీ బావకి ఇంకోపాలి రొమ్ము కోయిత్తావేటి?"

నేనింకా బతికే ఉన్నానని చూపించుకోవడానికి ముక్క అందుకున్నాను. రంగు చూశాను, విరిచాను, వాసన పీల్చాను. ముప్పయ్యేళ్ల అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, "బ్రహ్మాండం. మొత్తం తీసుకో" అన్నాను.

వాడు అక్కకు భయపడి ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. మొహం మాడిపోయింది.

"బావా, సముద్రంలో ఊరేసినట్టుందిది!"

దిండు హత్తుకుని చాలాసేపు దగ్గాను. దగ్గు రాలేదు గానీ, మొహం దాచుకోవడానికి ఇంట్లో అంతకంటే మంచి వస్తువు లేదు. ఆ రోజు నుంచి మా కొట్టు నాలుక వాడిదే. వాడు రుచి చూసి చెబుతుంటే నేను పక్కన కూర్చుని ఉత్త లాలాజలం మింగేవాణ్ణి. రాత్రి బనీను విప్పాక ఆవిడ దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లి తిరగేసి చూసేది. నేను గోడ వైపు తిరిగి ఆవిడ ఏమంటుందా అని వినేవాణ్ణి.

పదో రోజున డాక్టరు గారు గాయం మీది గాజుగుడ్డ లాగితే పొడిగా వచ్చింది. నొక్కారు. ఏమీ రాలేదు. మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"విప్పక్కర్లేదు. కానీ ఇవాళ్టి నుంచి లెక్క మళ్లీ మొదలు. మూడు నెలలు బరువులు ఎత్తకూడదు" అన్నారాయన.

"అలాగేనండి" అన్నాను.

నా జన్మలో మొదటి ధరకే ఒప్పుకోవడం అదే మొదలు. ఆయనకు అనుమానం వచ్చినట్టుంది, నా చెయ్యి అందుకుని నాడి చూశారు.