ఒక్క దిండు

"కానుపంటే ఆడదానికి పునర్జన్మ" అని మా వాళ్ళు ఎంత తేలిగ్గా అనేస్తారో! ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అక్కకు ఆ రెండో జన్మ ఎవరిచ్చారు?

అరవైల చివర్లో అక్క బాపట్లలోని అత్తవారింటి నుంచి తొలి కానుపుకి రేపల్లెలో మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కానుపు తేలిగ్గానే అయింది, మంత్రసాని చీర పుచ్చుకుని నవ్వుకుంటూ వెళ్ళింది. ఇక బాలింత పథ్యం అమ్మ చేతిలో పడింది. చెవుల్లో దూది, పొట్ట చుట్టూ బిగించిన గుడ్డ, పాలు పడాలని పూటపూటా ఉప్పు పట్టించిన ఎండు సొరచేప కూర. అన్నిటికంటే ముఖ్యం, బాలింత తలకింద దిండు ఉండకూడదు. పచ్చి ఒళ్ళు కదా, చదునుగా పడుకుంటేనే నడుము నిలుస్తుందని ఆవిడ నమ్మకం. మమ్మల్నందరినీ అలాగే కన్న మనిషి, ఎదురు చెప్పేదెవరు?

అక్కకు దగ్గు మొదలైంది. కాళ్ళు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడేది. బాలింత నీరు, అదే పోతుంది అన్నారు. వీపు మంచానికి తగిలితే చాలు, ఆయాసం. లేచి గోడకు ఆనుకునేది.

"అమ్మా, పడుకుంటే ఊపిరాడట్లేదే. ఒక్క దిండు ఇయ్యవే."

"నోర్మూసుకుని పడుకో. ఇప్పుడు కూర్చుంటే రేపు నడుం పడిపోద్ది. అప్పుడు నన్నే తిట్టుకుంటావ్."

భుజాలు పట్టి పడుకోబెట్టేది. కోపంతో అయితే నేనూ తిట్టి ఊరుకునేదాన్ని. ప్రేమతో చేసింది, అదే మింగుడుపడదు. నా దిండు తెచ్చి అక్క వీపు వెనక పెడితే, లాగి అవతల పడేసింది. "కన్నావా, పెంచావా? నీకేం తెలుసే?" అంది.

పిల్లను చూడడానికి బావ వచ్చాడు. అక్క పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. "ఇదేంటండి అత్తయ్యగారూ, మనిషి ఇలా అయిపోయింది!" అని అప్పటికప్పుడు మమ్మల్నందరినీ తెనాలి రైలెక్కించాడు. పెట్టెలో పడుకునే చోటు లేదు. దారంతా కూర్చునే వచ్చిన అక్క కాస్త తెరిపిన పడింది. "చూశావా, గాలి మారితే ఎంత నయమో" అంది అమ్మ సంబరంగా.

తెనాలి డాక్టరు గుండె, వీపు విని, కాళ్ళ వాపు నొక్కి చూశాడు. "కానుపప్పుడు కొందరికి గుండె కండరమే నీరసిస్తుందమ్మా. రక్తాన్ని తోడలేకపోతోంది. అందుకే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఉప్పు మాన్పించండి. చదునుగా మాత్రం పడుకోబెట్టొద్దు."

"పడుకోబెడితే ఏమవుద్దండి?" అని అడిగింది అమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"మునిగిపోతున్నట్టుంటుంది."

అమ్మ ఆస్పత్రి మంచమెక్కి, అక్క వెనక కూర్చుని, ఆమె వీపును తన గుండెలకు ఆనించుకుంది. రోజులకు రోజులు అలాగే, కాళ్ళు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. మందులకు వాపు తీసింది. అక్క పిల్లను ఒళ్ళో పెట్టుకుని నవ్వింది కూడా. గట్టెక్కిందనుకున్నాం. ఒక ఉదయం పాలగ్లాసు అందుకోబోయి, అమ్మ గుండెల మీదే వాలిపోయింది. అంతే, నా తల్లి!

బయట ప్రాణం పోయిన మనిషిని ఇంట్లోకి తేకూడదని, రేపల్లెలో అరుగు మీదే చాప పరిచి చదునుగా పడుకోబెట్టారు. పిల్లను ఎత్తుకుని నేను పక్కనే ఉన్నాను. అమ్మ లోపలికి వెళ్ళింది. ఏడవడానికేమో అనుకున్నాం. నా దిండు పట్టుకొచ్చింది.

"అదేంటి వదినా, శవానికి దిండేంటి?" అంది మేనత్త.

"దాని తల కాస్త ఎత్తి పట్టుకోండర్రా" అంది అమ్మ. "అలా పడుకుంటే దానికి ఊపిరాడదు."