గాలి పీల్చిన బోరు

పోయిన ఎండాకాలం తిరుత్తణి దగ్గర మా బావగారి ఊరికి వెళ్లాను. మేముండేది ఆవడి టౌనులో, అపార్ట్‌మెంట్‌లో. బావగారి చేలో బోరు ఎండిపోయి రెండేళ్లయింది. అయినా మా తోడికోడలు అక్క శుక్రవారం వస్తే దానికి పసుపు పూసి, మూతికి కొత్త గుడ్డ కట్టడం మానలేదు. ఆ వారం ఆ పని నాకు అప్పగించింది.

మిట్టమధ్యాహ్నం. చేలో ఆకు కూడా కదలడం లేదు. గొట్టం మూతికి గుడ్డ కట్టి కుంకుమ పెట్టబోతున్నాను. ఆ గుడ్డ మెల్లగా లోపలికి కుంగింది. చూస్తుండగానే బిగుసుకుపోయింది. లోపల ఎవరో నోటితో పీలుస్తున్నట్టు సన్నగా ఈల మొదలైంది. నా భ్రమేమోనని అరచెయ్యి ఆనించాను. గట్టిగా పట్టి లాగింది! కెవ్వుమని అరిచి వెనక్కి పడ్డాను.

అక్క పరుగెత్తుకొచ్చింది.

"బయపడొద్దు పాపా. పక్క తోటలో మోటరేసినారు. వాళ్లు నీళ్లు లాగేటప్పుడంతా మన బోరు ఇట్నే గాలి పీలస్తాది."

గట్టు అవతల ట్యాంకర్ లారీ నిండుతోంది.

"ఆ నీళ్లు యాడికి పోతాయక్కా?"

అక్క నన్ను వింతగా చూసింది.

"యాడికేంది? మీ ఆవడికే గదా!"

ఇప్పటికీ మా సంపులోకి ట్యాంకర్ నీళ్లు దిగే చప్పుడు వినబడితే నా అరచేతిని ఎవరో పీలుస్తున్నట్టే ఉంటుంది. ఆ రోజు దయ్యమనుకుని నేను హడలిపోయింది మా ఇంటి దాహాన్ని చూసే.