బావ చెప్పని కలలు

మొన్న ఆదివారం సూరత్ అమ్రోలిలో అక్క వాళ్లింట్లో భోజనాలయ్యాక, మేనకోడలు తాను ఫోనుతో తీసిన చిన్న సినిమా టీవీలో పెట్టి చూపించింది. అందులో ఒక మగ్గం కార్మికుడు నిద్ర లేవగానే, పళ్లయినా తోముకోకుండా, టేప్‌రికార్డర్ ముందు కూర్చుని తనకు వచ్చిన కల చెబుతుంటాడు. ఒకరోజు తాపీ నదిలో చేపలు చీరలు ఉతుకుతాయి, ఇంకోరోజు మిల్లు సేటు నుదుట బాసింగం కట్టుకుని మా ఊరి బస్సు కోసం నిలబడతాడు. చివరికి అతనికి విసుగొచ్చి ఆ పని మానేస్తాడు. అక్క చెప్పగా విని తీసిన ఆ కార్మికుడి కథ వాళ్ల నాన్నదే, అంటే మా బావదే. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, "మీ నాయిన గంతే బిడ్డా, ఏదీ కడదాక చెయ్యడు" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బావ విసుగొచ్చి మానలేదు.

నా ఈడు వాళ్లకు క్యాసెట్ ఉత్తరాలు గుర్తుండే ఉంటాయి. సూరత్‌లో ఒకే గదిలో సర్దుకున్న మా మగ్గాల వాళ్లలో రాయడం రానివాళ్లే ఎక్కువ, అందుకని చెప్పాల్సింది క్యాసెట్‌లో చెప్పి, ఊరికి పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్లం. అందరూ ఒంట్లో ఎలా ఉందో, పని ఎలా ఉందో చెబితే, బావ మాత్రం కలలు చెప్పేవాడు. అప్పుడు ఊళ్లోనే ఉన్న అక్క అడిగింది అవే. మిగతా సంగతులు ఎవరినడిగినా తెలుస్తాయి, నీ కలలు నువ్వే చెప్పాలి అని కబురు పంపిందట. పొద్దంతా మగ్గాల మోతలో ఉండే మనిషి కదా, గదిలో ఎవరూ లేనప్పుడు చెప్పినా, కలను కూడా కేక వేసినట్టే చెప్పేవాడు.

ఒకసారి ఊరికి వెళ్లే వంతు నాకొచ్చింది. బావ డ్యూటీలో ఉన్నప్పుడు, ఆయన ఇచ్చిన క్యాసెట్‌ను గదిలో వాళ్లకు వినిపించాను. ఆ కలలో బావ నడిపే మగ్గం బర్రెలా గడ్డి మేస్తుంటే, అక్క దాని పాలు పితుకుతోంది, చెంబులోకి దారం వస్తోంది. ఆ దారంతో అక్క చొక్కా నేసిందని, తొడుక్కుంటే ఇంటి వాసన వచ్చిందని బావ చెప్పాడు. మేం ఆ మాటను కూడా పట్టించుకోకుండా నవ్వాం.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు, సైగలే మా భాష. మర్నాడు బావను చూసి పాలు పితికినట్టు చేతులాడించింది మొదట నేనే. సాయంత్రానికి షెడ్డంతా అదే సైగ. బావ నా దగ్గర్నుంచి క్యాసెట్ వెనక్కి తీసుకుని, దాని మీద సినిమా పాటలు నింపి ఇచ్చాడు. అక్క అడిగితే కలలు వస్తలేవని చెప్పమన్నాడు. అలాగే చెప్పాను.

మొన్న సినిమా అయ్యాక ఇదంతా అక్క ముందు పెట్టాను. బావకు ఇప్పుడు చెవులు సరిగా పనిచేయవు. ఏందిరా అంటున్నవ్ అని అడిగాడు. నేను ఆ పాత సైగ చేశాను. ఆయన నా చేతుల వంక చూసి మెల్లగా తలూపాడు. అక్క ఆయన చెవి దగ్గరకు వంగి, "మరి నాకెందుకు చెప్పలే?" అని గట్టిగా అడిగింది.

"నీ తమ్ముడాయె" అన్నాడు బావ.

మేనకోడలు వెంటనే ఫోను ఆయన ముందు పెట్టి, "బోలోనా పప్పా, మిగిలిన కలలు గూడ చెప్పు, ఎండింగ్ మారుస్త" అంది.

ఆ రోజుల్లో గదికంతటికీ ఒక్క టేప్‌రికార్డరు, దానికోసం వంతులు. ఇప్పుడు ఇంట్లో ఎవరి చేతిలో చూసినా ఫోనే. బావ ఆ ఫోను వైపు చూసి, బర్రె కల తర్వాత వచ్చినవి ఒక్కటీ యాదికి లేవన్నాడు. అక్కకు చేరని కలల్లో ఆ ఒక్కటైనా ఆయనకు గుర్తుండిపోయింది మేం నవ్వినందుకే.