ముక్తార్ కట్టి పంపిన పాప బండి

మా ఇంటికీ ముక్తార్ వాళ్ల ఇంటికీ నడుమ ఒక్క గోడే. తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే చోట అతనిది ప్యాకింగ్ పని. పాలిష్ పట్టిన రాళ్లను చెక్క పెట్టెల్లో నిలువుగా పేర్చి, నడుమ వరిగడ్డి కూరి, మేకులు కొట్టి లారీ ఎక్కిస్తాడు. పెట్టెలో పెట్టే ముందు ప్రతి రాయినీ వేలి కణుపుతో కొట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. ఆ అలవాటు ఇంటికి వచ్చినా పోదు. కొత్త కుండ కనబడినా, పుచ్చకాయ కనబడినా కొట్టి చూస్తాడు.

"పెండ్లిచూపులల్ల నా నెత్తి గూడ కొట్టి చూస్తడేమో అని భయపడ్డ అక్కా," అంటుంది అతని భార్య అమీనాబీ.

"కొట్టకుండ తెచ్చుకున్నందుకే గిట్లయింది," అంటాడు ముక్తార్ ఆమె వైపు చూడకుండా.

ఇద్దరూ నవ్వరు. మా ఆయన పోయిన తర్వాత మా ఇంట్లో మాటలే లేకుండా పోయాయి. గోడ అవతలి ఈ మాటలు వింటూ నేను బియ్యం ఏరుకునేదాన్ని.

మా ఆయన, మనుమరాలు పుట్టకముందే వికారాబాద్ పోయి పాప బండి కొన్నాడు. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకుపోయే మడత బండి. రైల్లో తెచ్చి, స్టేషన్ నుంచి ఇంటి దాకా దాన్ని ఖాళీగానే తోసుకుంటూ వచ్చాడు. దారిలో ఒకరిద్దరు లోపల పాప ఉందేమో అని వంగి కూడా చూశారట. తీరా పాప పుట్టేసరికి ఆయన లేడు.

కాన్పుకు వచ్చిన మా బిడ్డ భవ్యశ్రీ మళ్లీ గువాహటి పోయే రోజు దగ్గర పడింది. అల్లుడు రాకేష్‌కు అక్కడ బ్యాంకులో ఉద్యోగం. రెండు విమానాలు మారాలి. ఒకసారి వచ్చేటప్పుడు ఎవరిదో పాప బండి విమానం దిగేసరికి చక్రం వంగి, పిడి విరిగి రావడం మా బిడ్డ కళ్లారా చూసింది.

"అమ్మా, బండి ఈడనే ఉండనియ్యి. అక్కడ వేరేది కొనుక్కుంటం. సామాను విసిరేస్తరు వాండ్లు. నాన్న కొన్నది ఇరిగితే నేను చూడలేను," అంది.

ఆ బండి పాపతోనే పోవాలి. పాప పోయి బండి ముందు గదిలో మిగిలితే, దాన్ని చూసుకుంటూ ఈ ఇంట్లో నేను ఎట్లా ఉండేది? ఆ మాట బిడ్డతో అనలేక, గోడ దగ్గరికి పోయి ముక్తార్‌ను పిలిచాను.

అతను వచ్చి బండి కడ్డీలను కొట్టి విన్నాడు. "ఫికర్ చెయ్యకు వదినా. రాళ్లనే ఢిల్లీ దాక పంపిస్తున్న. గిదెంత," అని మడిచి తీసుకుపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆటోలో తెచ్చాడు. అతనూ ఆటో అతనూ చెరో పక్క పట్టుకుని దించారు. చుట్టూ చెక్క పెట్టె, సందుల్లోంచి గడ్డి తొంగి చూస్తోంది.

భవ్య కొంచెంసేపు దాని చుట్టూ తిరిగింది. "చిచ్చా, ఇది విమానంల పోవాలె. లారీల కాదు."

"తెల్సు బిడ్డా. అందుకే రెండు మేకులు ఎక్కువ కొట్టిన."

"ఇంత బరువు ఎక్కనియ్యరు చిచ్చా. గడ్డి చూస్తే చెకింగ్‌ల మొత్తం విప్పుతరు. గీ పెట్టెల నేను, పాప, మా ఆయన గూడ పడతం."

గోడ మీద నుంచి అమీనాబీ అందుకుంది. "ఆయనకు కట్టుడంటే పెట్టెనే. రేపు నేను సచ్చినా మేకులు కొట్టి లారీ ఎక్కిస్తడు."

అన్నాక నా వైపు చూసి నాలుక కరుచుకుంది. నాకు మాత్రం చాలా రోజులకు నవ్వు వచ్చింది.

ముక్తార్ నవ్వలేదు. వాకిట్లో కూర్చుని, తాను కొట్టిన మేకులు తానే ఒక్కొక్కటీ పీకి జేబులో వేసుకున్నాడు. పెట్టె విడిపోయాక అడిగాడు.

"విసిరేస్తే యాడ ఇరుగుతది బిడ్డా?"

"చక్రాల కాడ. పిడి కాడ."

"రాయి గూడ బరువుకు పగలదు. పక్కన సందుంటే కదిలి కదిలి కొట్టుకుంటది, అప్పుడు పగులుతది." బండి చక్రం ఒకటి పట్టి లాగి చూశాడు. "ముందటి చక్రాలు ఊడొస్తయి గదా, అవి నీ చేతిసంచిల ఏసుకో. మిగిలిన సందులు నింపుదం. వదినా, పాత బట్టలుంటే ఇయ్యి. ఉతికి ఉతికి మెత్తబడ్డయి."

నేను లోపలికి పోయి బీరువా తెరిచాను. పెద్దకర్మ నాడే మా ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు అందరూ. నేను ఇవ్వలేదు. నా చీరల కింద పెట్టుకున్నాను. లుంగీలు, బనీన్లు, పొట్టి చేతుల చొక్కాలు అన్నీ తెచ్చి ముక్తార్ ముందు పెట్టాను.

నీలం గళ్ల లుంగీ దగ్గర అతని చెయ్యి ఆగింది. సాయంత్రాలు అరుగు మీద ఇద్దరూ కూర్చున్నప్పుడు మా ఆయన కట్టుకునేది అదే.

"గిది గూడనా వదినా?"

"అదే మెత్తగుంటది."

గడ్డి కూరినట్టు కూరలేదు. మడతలు పెట్టి, పిడి చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపాడు. వెనక చక్రాల నడుమ చొక్కాలు పెట్టాడు. అమీనాబీ రెండు బియ్యం సంచులు జోడించి పైన తొడుగు కుట్టింది. చెకింగ్‌లో విప్పుకునేటట్టు మూతికి తాడు పెట్టింది. అంతా అయ్యాక ముక్తార్ కణుపుతో కొట్టి విన్నాడు. లోపల ఏదీ కదిలిన చప్పుడు రాలేదు. తల ఊపి లేచాడు.

భవ్య వాళ్లు బయల్దేరిన రోజు ముక్తార్ పనికి పోయి కూడా మధ్యలో మా ఇంటికి వచ్చాడు. "ఫోనొచ్చిందా వదినా?" అని అడిగి, రాలేదంటే వెళ్లిపోయాడు.

మర్నాడు ఫోటో వచ్చింది. పాప బండిలో కూర్చుని ఉంది. పిడి మీద సన్నటి గీత పడిందట, అంతే. వెనకాల బాల్కనీలో తాడు మీద మా ఆయన లుంగీ, చొక్కాలు ఆరేసి ఉన్నాయి. వాటిని అక్కడే దాచుకుంటానని భవ్య అంది. సరే బిడ్డా అన్నాను.

సాయంత్రం ముక్తార్‌కు ఫోటో చూపించాను. ఫోను చేతిలోకి తీసుకుని గడప మీద కూర్చున్నాడు.

"చక్రం జర గూడ వంగలే," అన్నాడు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసి మళ్లీ అన్నాడు. "ఇన్నేండ్ల సంది కడుతున్న వదినా. నేను కట్టింది మంచిగ చేరిందని ఎవ్వరు చెప్పలే. పగిలితేనే ఫోనొస్తది మాకు."

"ఇప్పుడు చెప్పిన్రు గదా. ఇగ లే, చాయ్ సల్లారుతున్నది," అని గోడ అవతలి నుంచి అమీనాబీ పిలిచింది.

అతను లేవలేదు. నేనూ ఫోను అడగలేదు.