మా నాయన నోట ‘మీరు’

నగరిలో మా ఇంట్లో ‘మీరు’ అనే మాటకు పెద్దగా పని ఉండేది కాదు. అమ్మను నువ్వు, నాయనను నువ్వు, అవ్వను నువ్వు. కొండ మీది స్వామికి మొక్కుకునేటప్పుడు కూడా “నువ్వే దిక్కు సామీ” అనేవాళ్లమే కానీ, “మీరే దిక్కండీ” అని మా వీధిలో ఎవరూ అనగా నేను వినలేదు. అంటే ఆ స్వామికే నవ్వొచ్చేదేమో. ‘మీరు’ అనేది గడప బయటి మాట. కరెంటు మీటరు చూసే ఆయనకు, బడి అయ్యవారికి, అందరికన్నా ముఖ్యంగా మాకు నూలు ఇచ్చి గుడ్డ నేయించుకునే షావుకారుకు. ఆ మాట నోట్లోకి వచ్చిందంటే నాయన నడుము కూడా కొంచెం వంగేది.

అందుకే ఆయన మొదటిసారి నన్ను మీరు అన్నప్పుడు ఎగతాళి అనుకున్నాను. అప్పటికి నాకు తిరుపతిలో కాపురం. ఊరి శివార్లలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలకు కొత్తగా ప్రధానోపాధ్యాయురాలిని అయ్యాను. ఆ వారమే నాయన నగరి నుంచి బస్సెక్కి, క్యారియరు పట్టుకుని బడికి వచ్చాడు. నా గదిలో నలుగురైదుగురు టీచర్లు ఉన్నారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“మేడం గారూ, అమ్మ ఉర్లగడ్డ తాళింపు సేసి పంపిచ్చినాది. సల్లారకముందే తినండి.”

“ఏం నాయనా, కొత్తగా మేడం అంటాండావు? లోపలికి రా, కూసో” అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. కూర్చోవడానికైతే కూర్చున్నాడు కానీ, కుర్చీ అంచు మీద.

ఆయన వెళ్లాక, గుడి సేవలో ఉన్న వైష్ణవుల ఇంటి నుంచి వచ్చిన మా బడి తెలుగు పండితులవారు నా మొహం చూసి, “ఇందులో అంతగా బాధపడేది ఏముందమ్మా? మా ఇంట్లో పసిపిల్లలను కూడా రండి, పొండి అనే అంటాం. అదో ముద్దు” అన్నారు. నిజమే కావచ్చు. వాళ్లింట్లో ఆ మాట ఉయ్యాల దగ్గర మొదలవుతుంది. మా ఇంటికి అది షావుకారు వెంట వచ్చింది.

సరే, బడిలో నలుగురి ముందు అన్నాడులే అనుకుంటే, నగరికి పోయినా అదే వరస. “ఎప్పుడు బయల్దేరినారు? బస్సులో సీటు దొరికిందా మీకు?” అని గడపలోనే మొదలుపెట్టేవాడు. చిన్నప్పటి నుంచి నన్ను పిలిచిన ‘పాపా’ పోయింది. కోపమొస్తే అరిచే ‘ఏమ్మే’ కూడా పోయింది. అమ్మ మాత్రం మారలేదు, పుణ్యాత్మురాలు. “నువ్వు ఎంత మేడమైనా ఈ గిన్నెలు కడగాల్సిందే” అని నన్ను తూముకాడికి తోలేది. ఆ గిన్నెల దగ్గర నాకు ప్రాణం హాయిగా ఉండేది.

నాకు ముక్కు మీద కోపం. ఒకరోజు సాయంత్రం అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, చూద్దాం ఈయన సంగతి అనుకుని, “నాయన గారూ, మీరు ఇంకొంచెం సంగటి పెట్టించుకోండి” అన్నాను.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన చెయ్యి మాత్రం అన్నం తట్టలోనే ఆగిపోయింది. నా వైపు ఒకసారి చూశాడు. సొంత ఇంట్లో తనను ‘ఎవరు కావాలి’ అని అడిగితే ఎలా చూస్తాడో అలా చూశాడు. తర్వాత తిని, చెయ్యి కడుక్కుని, ఇంటి వెనకున్న మరమగ్గాల షెడ్డులోకి వెళ్లిపోయాడు. గెలుద్దామని అన్న మాట అది. అది ఆయనకు అంతలా తగులుతుందని నేను అనుకోలేదు.

వెనకాలే వెళ్లాను. మగ్గం ఆడుతూ ఉంది. కాసేపటికి ఆయనే దాన్ని ఆపాడు.

“నన్నెందుకట్లా పరాయోణ్ణి సేసినారు?” అన్నాడు.

“నువ్వెందుకు సేస్తాండావు మరి?”

ఆయన మగ్గం మీద పేరుకున్న నూలు దుమ్మును చేత్తో తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

“మా నాయన్ని పెద్ద షావుకారు ఏరా అనేటోడు. ఇప్పుడు ఆయప్ప కొడుకు నన్ను ఏరా అంటాడు. వాడు నాకన్నా శానా సిన్నోడు. మనింటోళ్లను మీరు అనిన నోరు మొన్నటిదాకా ఈ ఈదిలో యాడా లేదు. మనమే మనోళ్లను నువ్వూ గివ్వూ అంటా వుంటే, బయటోళ్లు ఎందుకు అంటారు? మొదట నేనంటే, ఇనీ ఇనీ వాళ్లకీ అలవాటైతాది. అంతే.”

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు వచ్చినప్పుడు నేనూ నాయనా బజారులో పోతుంటే, ఆ చిన్న షావుకారే కుర్చీలోంచి లేచి “రండమ్మా, బాగుండారా” అన్నాడు. అది నా ఉద్యోగానికి పెట్టిన దండం అనుకుని నేను తలూపి ముందుకు నడిచాను. పక్కన నాయన మాత్రం అక్కడే నిలబడి, అంతసేపూ ఆ షావుకారు మొహమే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకు అర్థం నాకు ఆ షెడ్డులో తెలిసింది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఈసారి మా నాయన మీద కాదు.

ఆ తర్వాత నేను మళ్లీ ఆ గొడవ ఎత్తలేదు. ఆయన మీరు అంటే పలికాను. కానీ ఒప్పుకోవడం వేరు, మనసు ఊరుకోవడం వేరు. పొద్దున్నుంచీ మేడం, మేడం అనిపించుకుని పుట్టింటికి వస్తే, అక్కడా మేడమే అయితే మనిషి కాళ్లు చాపుకుని ఎక్కడ కూర్చోవాలి? నాకు మా నాయన కావాలనిపించేది. ఎదురుగానే ఉన్నా ఆయన మీద బెంగ పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మకు మోకాళ్లు పట్టేసి లేవలేకపోయింది. రెండు మగ్గాలలో ఒకటి ఆమె చూసుకునేది. దాని దగ్గర నేను నిలబడతానన్నాను. “మీకెందుకు, సీర పాడైతాది” అని నాయన వద్దన్నాడు కానీ, నేను కొంగు దోపుకుని నిలబడేశాను. చిన్నప్పుడు చూసిన పనే, చేతకాదా అని నా ధీమా. మొదట బాగానే సాగింది. ఎక్కడో ఏదో ఆలోచనలో పడ్డాను. పడుగులో నిలువు పోగులు తెగాయి, నేను చూడలేదు. మగ్గం తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

“ఏమ్మే, కండ్లు యాడ పెట్టుకోనుండావు? పోగులు తెగి జానెడు గుడ్డ సెడిపాయ, కనపళ్లేదా నీకు? ఆపు, బిరీన ఆపు మగ్గాన్ని.”

రెండు మగ్గాల మోతను మించి వినపడింది ఆ కేక. ఆపేశాను. ఆయన తన మగ్గం కూడా ఆపి, ఉరికినట్టే వచ్చి, తెగిన కొసల కోసం వెతుకుతూ గుడ్డ మీదికి వంగాడు. తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. నేను పక్కన నిలబడి ఉన్నాను, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. నాలుక కరుచుకున్నాడు.

“తప్పయిపాయ. నోరు జారింది. మీరు దాన్ని మనసులో...”

“నాయనా,” అన్నాను, “ఇంకొంచెం తిట్టు.”

ఆయన నడుమెత్తి, షెడ్డు తలుపు దాకా వెళ్లి, వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తలుపు దగ్గరికి వేసి, తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“గాడిదా,” అన్నాడు, బయటికి వినపడకుండా. “పోగు అట్లా కాదు, ఇట్లా పట్టుకో.”