మల్లెలతీర్థం దారిలో అత్తయ్య ఒక్కపొద్దు

మా అత్తయ్యకు ఈ ప్రయాణం మీద మనసు పడింది నారాయణగూడ కూరగాయల దుకాణం దగ్గర. నల్లమల అడవిలో మల్లెలతీర్థం జలపాతం కింద కార్తీక సోమవారం తలస్నానం చేసొచ్చానని ఎవరో ఆవిడ చెప్పిందట. ఇక చిక్కడపల్లిలో మా ఇంట్లో వారం రోజులు అదే పాట. మా ఆయనకు సెలవు దొరకలేదు. నాకు పుణ్యం కంటే జలపాతం చూసే సరదా ఎక్కువ కాబట్టి, నేను తీసుకెళ్తానన్నాను. ఉద్యమం నడుస్తున్న 2011లో బంద్ లేని సోమవారం దొరకడమే గగనం. "అమ్మకు షుగరు, జాగ్రత్త" అని మా ఆయన గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. ఆ మాట దారంతా నన్ను తొలుస్తూనే ఉంది.

ఇమ్లీబన్ బస్టాండులో పొద్దున్న ఆరింటికి శ్రీశైలం బస్సెక్కితే వటవర్లపల్లిలో దిగేసరికి పదిన్నరైంది. టికెట్టు మనిషికి వంద పైమాటే. అక్కణ్ణుంచి అడవిలోకి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, రానూపోనూ ఆటో నాలుగు వందలకు మాట్లాడాను. చివర్లో వానకు దారి కోసుకుపోయి ఆటో ఆగింది. ఇక్కడినుంచి నడకే అక్కా అంటూ డ్రైవరు మా సంచీ అందుకున్నాడు.

చెట్ల నీడ చల్లగా ఉంది, దూరంగా నీళ్ల హోరు వినిపిస్తోంది. నేను హాయిగా చూస్తూ నడవాల్సింది, నా కళ్లేమో అత్తయ్య పాదాల మీదే ఉన్నాయి. అడుగడుగుకీ ఆవిడ వెనకబడుతోంది. అలసటా అని అడిగితే విసుక్కుంది. కాసేపటికి ఆ చలిలో ఆవిడ రవిక చెమటకు తడిసిపోయింది. నన్ను పట్టుకుని "సుజాతా" అని పిలిచింది. సుజాత మా ఆడపడుచు.

పొద్దున్న మాత్ర వేసుకున్నారా అని అడిగాను.

"ఏస్కున్న. గోలి ఏస్కుంటే ఒక్కపొద్దు చెడ్తదా ఏంది?"

అశోక్‌నగర్‌లో ఉండే మా పుట్టింటివాళ్లది అసలు గుంటూరు. మాకు ఉపవాసమంటే పాలూ పళ్లూ ధారాళంగా నడుస్తాయి. వీళ్లింట్లో చుక్క కనిపించేదాకా మంచినీళ్లే! ఖాళీ కడుపున షుగరు మాత్ర వేసుకుని నాలుగున్నర గంటలు బస్సులో కూర్చుందీ మనిషి. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోనులో సిగ్నల్ లేదు. బండ మీద కూర్చోబెడితే డ్రైవరు తువ్వాలుతో విసురుతున్నాడు. సంచీలో నైవేద్యానికి తెచ్చిన బెల్లం ఉంది, సాయంత్రానికి పులిహోర ఉంది. బెల్లం నోటి దాకా తీసుకెళ్తే పళ్లు బిగించింది.

"చుక్క సూడంది ముట్ట."

నీళ్ల హోరు వైపు తిరిగి ఒక్క క్షణం నిలబడ్డాను. ఏ మంత్రమూ గుర్తు రాలేదు. మళ్లీ ఇటు తిరిగి, "నైవేద్యం పెట్టేశాను అత్తయ్యా, ఇది ప్రసాదం. ప్రసాదం వద్దనకూడదు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి, బెల్లం పట్టుకున్న నా చేతికేసి చూసింది. తర్వాత నోరు తెరిచింది.

ఆ పావుగంట ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి. చెమట ఆగింది. నన్ను నా పేరుతో పిలిచింది. "ఇగ ఎట్లైనా తిన్న, ఆ పులిహోర గూడ తియ్యి" అంది. డ్రైవరు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

వందల మెట్లు దిగితే కానీ జలపాతం రాదు. ఆవిణ్ణి దిగనివ్వనని పట్టుబట్టాను. ఆవిడ దగ్గర డ్రైవరును ఉంచి నేనొక్కదాన్నే పరుగున దిగాను. నాచుబండ మీదుగా తెల్లగా జారే ఆ నీళ్లను నిమిషం కూడా చూడలేదు. సీసాలో పట్టుకొచ్చి అత్తయ్య నెత్తిన చల్లాను. వెంటనే ఆటో దాకా మెల్లగా నడిపించాను.

ఇలా వెళ్లేవాళ్లకు నాదొకటే సలహా. షుగరున్న పెద్దవాళ్లు ఉపవాసం అంటే మాత్ర సంగతి ముందే డాక్టరును అడగండి, తీపి ఏదైనా చేతికందేలా ఉంచుకోండి. ఇంటికెళ్లాక మేమూ అదే పని చేశాం.

అత్తయ్యకు నియమం ముందు, మనుషులు తర్వాత అని పెళ్లైన నాటినుంచీ నా లెక్క. తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది, "నువ్వు నైవేద్యం పెట్టలే. నేను సూసిన."

మరెందుకు తిన్నారని అడిగాను.

"నీ చెయ్యి ఒకటే వణుకుతుండె బిడ్డా. దేవునికి ఇంకో సోమారం ఇయ్యొచ్చు."