ఎలీసమ్మ పేరున పదిహేడో లాటు

రైల్వే కాలనీలోని ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వరుసలో ఎవరు డ్యూటీకి వెళ్లినా, ఊరికి వెళ్లినా, ఇంటి తాళంచెవి ఎలీసమ్మ గుమ్మం వెనక మేకుకు తగిలించి పోయేవారు. ముప్పై ఏళ్ల ఆచారమది. తొమ్మిది మేకులు. తీసుకుపోవడానికి వచ్చినవారి ముఖం ఆమె తలెత్తి చూసేది కాదు. దానానికి పాత్రత విచారించమన్న పెద్దలు నమ్మకానికీ ఆ మాటే చెప్పారు. కాని చుట్టూ ఉన్నవారంతా అయినవారే అయినప్పుడు ఆ విచారణ ఆమెకు అమర్యాదగా తోచేది.

రైలు పెట్టెలకు బ్రేక్ బ్లాకులు పోతపోసే ఒక చిన్న కార్ఖానాలో ఆమె తనిఖీ గుమాస్తా. ఆమె సరే అన్న లాటు, అంటే ఒక విడత సరుకు, బయటికి వెళుతుంది; కాదన్నది కొలిమికి తిరిగి వెళుతుంది.

ఆషాఢంలో తనిఖీ ఫలితాలు నమోదు చేసే కొత్త పోర్టల్ వచ్చింది. ఇంటినుంచైనా తెరుచుకొనే వెబ్‌సైటు లాగిన్ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చారు. ఆ లాగిన్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఖాతాకు జతచేయాలి. ఏ పని ఎవరు చేశారో ఆ జతను బట్టే పోర్టల్ రాసుకుంటుంది. జతచేసే బాధ్యత ఎలీసమ్మది. తనిఖీ గదిలో ఆమెతో కలిపి ఆరుగురు; ఉన్నది ఒకే కంప్యూటరు, దానికి ఒకే ఉమ్మడి ఖాతా.

"అత్తా, ఎవులికి ఆలకే ఖాతా ఉండాల," అన్నాడు సూపర్‌వైజర్ జాకబ్. "ఉమ్మడి దానికి కలిపితే పని అందరిదీ, పేరు ఒక్కులిదీ అవుద్ది."

"ఆరుగురికి ఆరు ఖాతాలు తెరవడానికి ఆ కోల్‌కతా హెడ్డాఫీసు బాబులు ఆర్నెల్లు సేస్తారు నాయినా."

పక్క క్వార్టరులో ఉంటూ పక్క కుర్చీలోనే పనిచేసే మీనాకుమారి నవ్వింది. "మా ఇంటి తాళమే అక్క కాడ మూడో మేకుకుంటాది. లాగినేటి, బంగారమా? కలిపీ అక్కా!"

ఆరింటినీ ఆమె ఆ ఒక్క ఖాతాకే జతచేసింది. మొదట జతపడినది తనది గనుక ఖాతా యజమానిగా పోర్టల్ ఆమె పేరే నిలుపుకుంది. ఇక ఆ ఆరుగురిలో ఎవరు ఏం చేసినా ఆ పేరునే పడుతుంది. అది ఆమె గమనించలేదు.

భాద్రపదంలో ఒక సోమవారం ఉదయం పదిహేడో లాటు బ్లాకుల పెట్టెలుండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. ఆ బ్లాకులలో వెంట్రుకవాసి పగుళ్లు చూసి శనివారం కాదని నమోదు చేసినది తానే. పోర్టల్ తెరిచింది. లాటు సరే. ఆమోదించినవారు ఎలీసమ్మ. ఆదివారం, పది గంటల పది నిమిషాలు.

ఆ వేళకు ఆమె చర్చిలో మోకాళ్లపై ఉంది.

గదిలో ఒక్కొక్కరినీ అడిగింది. "నాకేటి తెలుసు" అన్నారు నలుగురు. మీనాకుమారి టీ గ్లాసులు తీసుకొని కడగడానికి వెళ్లింది.

జాకబ్ ఆమెను బయటికి పిలిచాడు. "నోరిప్పకు అత్తా. పేరు నీది. పగుళ్లున్నాయంటే, మరెందుకు పాస్ సేసినావంటారు. ఉద్యోగం పోద్ది."

"ఇప్పకపోతే అయి బండికి ఎక్కుతాయి."

సరుకు చేరిన రైల్వే గోదాముకు ఫోను చేసింది. అక్కడి గుమాస్తా తీతు ఎరిగినవాడే.

"తీతూ, పదిహేడో లాటు ఆపీ. పగుళ్లున్నాయి, నాను ఒద్దన్నాను."

"నవ్వులాటా పిన్నీ? పాస్ సేసినది నువ్వే అని నా ఎదురుగా కనపడతంది. ఏ ఎలీసమ్మని నమ్మమంటావు?"

"ఫోన్లో ఉన్నదాన్ని నమ్ము. అందులో ఉన్నది నా పేరు, నాను కాను. అందరివీ ఒక్కదానికే కలిపినాను, ఆ తప్పు నాదే. రాసిస్తాను."

తీతు వెళ్లి చూసి వచ్చాడు. "పంతొమ్మిది పెట్టెలు ఆపినాను పిన్నీ. ఇరవయ్యోది బిగించడానికి పొద్దున్నే పట్టుకెళ్లిపోనారు. ఏ బండికో తెలవదు."

మధ్యాహ్నానికి ఆమె తన తప్పు రాసి సంతకం చేసి ఇచ్చింది. సాయంత్రానికి ఆమె లాగిన్ మూసేశారు, రేపటినుంచి రావద్దన్నారు. తక్కిన ఐదు లాగిన్లూ ఆ ఖాతాకే జతగా ఉండిపోయాయి. యజమాని పేరు మార్చడం ఎవరికీ తోచలేదు.

ఇల్లు చేరి దీపం వేసింది. స్టేషను వైపు ఏదో బండి బ్రేకు వేస్తున్న కీచుమోత సాగి సాగి ఆగింది. అంతవరకు ఆమె ఊపిరి బిగబట్టే ఉంది.

తలుపు చప్పుడైంది. "అక్కా, తాళం."

ముప్పై ఏళ్లుగా ఎరిగిన గొంతు. మూడో మేకు మీద చేయి వేసి ఎలీసమ్మ ఆగింది.

"ఎవులూ?" అంది.

తాళం ఇచ్చేముందు ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి.